గడప అవతల తిరిగిన చప్పుడు

నా బిడ్డ నెత్తి మీద ఒట్టు వేయను. ఎక్కడైనా ఒక్క ముక్క తప్పు చెబితే అది పిల్లదానికి తగులుతుంది. నా రెండు కళ్ళ మీద వేస్తాను. ఈ కళ్ళతోనే ఆ రాత్రి మా కుక్క తల తిరగడం చూశాను.. నిదానంగా.. గోడ అవతల ఎవరో నడుస్తుంటే చూపు తిప్పుకున్నట్టు. అబద్ధమైతే ఈ కళ్ళు నాకు రేపు వద్దు.

నాకు సంతకం వరకే వచ్చు. అంకెలు వచ్చు, బస్సు నంబరు చూసి ఎక్కుతాను. నేను చెబుతుంటే మా బిడ్డ అనిత రాస్తోంది. మధ్య మధ్యలో కలం ఆపి, "అమ్మా, నిజంగ గట్లనే అయ్యిందా?" అంటోంది. అయ్యిందే పిల్లా. రాయి.

నా పేరు మాణెమ్మ. పాశమైలారం ఫ్యాక్టరీల వెనక మా ఊరు. మా ఆయన సాయిలు ఒక మందుల కంపెనీలో బ్లోయరు నడిపేవాడు. బ్లోయరు అంటే మనిషి ఎత్తుండే గాలి ఫ్యాను. కంపెనీలో అది ఆయన పని. శనివారం వస్తే హనుమాండ్ల గుడిలో భజన. అక్కడ ఆయన చేతిలో కీబోర్డు.

ఆ కీబోర్డులో ఒక చప్పుడు ఉంది. మా ఆయన దాన్ని తిరుగుడు చప్పుడు అనేవాడు. పాతకాలంలో దొరల దేశంలో బీరువా అంత చెక్కపెట్టె ఉండేదట. లోపల ఒక బూర. దాన్ని మోటారు తిప్పుతుందట. బూర మన వైపు తిరిగితే పాట దగ్గరకొస్తుంది. అటు తిరిగితే దూరం పోతుంది. వస్తుంది.. పోతుంది.. వస్తుంది.. పోతుంది. ఈ కీబోర్డులో ఆ పెట్టె లేదు, బూర లేదు. ఉత్త నకలు.

"లోపట ఏం తిరగదే మాణీ. తిరిగినట్టు మన చెవును నమ్మిస్తది, గంతే" అనేవాడు.

ఆ మాట గుర్తు పెట్టుకోండి. లోపల ఏమీ తిరగదు.

ఆ నకలును అసలులా చేయడానికి ఆయన ఎన్ని సాయంత్రాలు కూర్చున్నాడో లెక్కలేదు. కీబోర్డు మీద ఉండే చిన్న అద్దం తెర మీద ఐదు వరుసలు వచ్చేవి. ఒకటి నిదానంగా ఎంత తిరగాలి. రెండు జోరుగా ఎంత తిరగాలి. మూడు జోరు అందుకోవడానికి ఎంతసేపు. నాలుగు జోరు తగ్గి ఆగడానికి ఎంతసేపు. ఐదు.. ఆ బూరకు మైకు ఎంత దూరంలో ఉన్నట్టు వినపడాలి. పక్కన ఒక చక్రం. అది తిప్పితే అంకె మారుతుంది. ఆయన కీబోర్డు దగ్గర, నేను గడప మీద చేటలో బియ్యం పెట్టుకుని. పక్కన కూర్చుంటే తెలియదట, దూరం నుంచి వినే చెవి కావాలట.

"ఇప్పుడెట్లున్నదే?"

"నెత్తి మీద కూసున్నట్టున్నది. జెర దూరం పంపు."

"ఇప్పుడు?"

"గిప్పుడు మరీ పటాన్‌చెరుకు బోయింది. మలుపు, మలుపు."

నవ్వేవాడు. సరిగ్గా కుదిరిందంటే నేను నోటితో చెప్పేదాన్ని కాదు. ఆ చప్పుడులో ఆయనకు వినపడదు కదా. చేట మీద రెండు దెబ్బలు కొట్టేదాన్ని. టక్.. టక్. చాలు అని. అది మా ఇద్దరికే తెలిసిన గుర్తు. అనితకు కూడా తెలియదు. ఇదిగో, రాస్తూ ఇప్పుడు తెలుసుకుంటోంది.

నాలుగో వరుస మాత్రం నన్ను అడగలేదు. కంపెనీలో బ్లోయరు స్విచ్ తీశాక అది పూర్తిగా ఆగడానికి పదకొండు లెక్క పడుతుందట. వేళ్ళ మీద లెక్కపెట్టి పెట్టి అదే కీబోర్డులో పెట్టాడు. జోరుగా తిరిగి తిరిగి.. ఒకటి.. రెండు.. అట్లా పదకొండుకు చప్పుడు సద్దుమణిగేది. భజనలో ఆ చోటుకు వచ్చేసరికి ముసలోళ్ళు కూడా తాళాలు ఆపి వినేవారు.

మీటలకు మా అనిత గోళ్ళ రంగు పెట్టి ఇచ్చాడు, నాకు తెలియాలని. ఎర్ర చుక్క జోరు. పచ్చ చుక్క నిదానం. నల్ల చుక్క బ్రేకు. బ్రేకు నొక్కితే తిరుగుడు ఉన్నచోట ఉన్నట్టే నిలబడిపోతుంది. "గిది మాత్రం ముట్టకు. పానం తీసినట్టు ఉంటది" అనేవాడు.

ఆయన పానం కూడా అట్లాగే పోయింది. నైట్ డ్యూటీలో గుండె పట్టుకుని కూర్చున్నాడట. పక్కవాళ్ళు చూసి బ్లోయరు ఆపి పరుగెత్తుకొచ్చారు. అది ఆగేసరికి ఈయన కూడా ఆగిపోయాడు. దసరా తెల్లారి ఏకాదశి నాడు.

ఆయన గొంతు ఏ ఫోనులోనూ లేదు. ఫోటో అంటే కంపెనీ కార్డు మీద ఉన్నదే, దానిలో పట్టుబడ్డ దొంగలా చూస్తుంటాడు. మిగిలింది ఆ చప్పుడొక్కటే. ఏడాది మాసికం నాడు ఇంట్లో భజన పెట్టి, ఆయన పెట్టిన చప్పుడుతోనే పాడతామని నర్సింలు అన్నాడు. నర్సింలు అంటే మా ఆయన జోడీ, కంపెనీలోనూ భజనలోనూ. నన్ను వదినె అంటాడు.

మాసికం రేపనగా దసరా వచ్చింది.

ఏడాది తీరని ఇంట్లో పండుగ లేదు. నాకూ తెలుసు. కానీ దసరా నాడు పనిముట్టు పూజ లేకుండా ఉండకూడదని మా ఆయన పట్టుదల. కంపెనీలో బ్లోయరుకు దండ వేసి, దాని ముందు కొబ్బరికాయ పెట్టి, మిషను నడిపిన తర్వాతే హారతి ఇచ్చేవారు. నడవని మిషనుకు పూజ చేస్తే శవానికి చేసినట్టేనట. ఇంట్లో కీబోర్డుకూ అంతే. అందుకని పొద్దున్నే కీబోర్డు తుడిచాను. పసుపు పెట్టాను, కుంకుమ పెట్టాను. వేలితో నొక్కే మెట్లలో చివరి తెల్లమెట్టు మీద తమలపాకు వేసి, దాని మీద కొబ్బరికాయ నిలబెట్టాను.

అప్పుడే మా తోడికోడలు సత్తెమ్మ వచ్చింది.

"ఏందే గిది? మొగడు లేనిదానివి.. ఇంక ఏడాది తీరలే.. కుంకుమ పట్టుకుంటున్నవా?"

"నాకు పెట్టుకుంటలేను కద. ఆయన సామానుకు పెడుతున్న."

"సచ్చినోని సామానుకు బొట్టు పెడితే సచ్చినోన్ని పిలిచినట్టే. చూస్కో మల్ల" అని మూతి తిప్పుకుని పోయింది.

నేను స్విచ్ వేశాను. దీపం వెలిగింది. అద్దం మీద ఏవో అక్షరాలు గబగబా పోయాయి. ఎప్పుడూ పోయేవి కావు. నాకేం తెలుసు.. హారతి ఇచ్చాను.

సాయంత్రం ఊరంతా జమ్మి దగ్గరికి పోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే, అనిత సంగారెడ్డి నుంచి ఇంకా రాలేదు. రేపటి కోసం ఒకసారి విందామని మెట్టు నొక్కాను.

తిరగలేదు.

తిరగలేదంటే.. తిరుగుతోంది కానీ అది ఆయనది కాదు. ఎవరిదో. హడావుడిగా, చలికి పళ్ళు కొట్టుకున్నట్టు. నర్సింలుకు ఫోను చేశాను. వాడు జమ్మి కాడ డప్పుల మధ్య ఉన్నాడు. తాగి ఉన్నాడు, నాలుక మడతపడుతోంది.

"వదినె.. చివరి మెట్టు మీద ఏమన్న బరువు పెట్టినవా?"

"కొబ్బరికాయ."

"పెట్టినంక స్విచ్ ఏసినవా?"

"అవ్.. మిషన్ నడవాలె కద."

డప్పుల చప్పుడు దూరమైంది, పక్కకు జరిగినట్టున్నాడు.

"గా మెట్టు ఒత్తి పట్టి స్విచ్ ఏస్తే మొత్తం సాఫ్ అయితది వదినె. కొత్తగ కొన్నప్పటి లెక్క. సాయన్న పెట్టినయన్ని పోయినయ్."

"నంబర్లు నీకు ఎరుకేనా?"

"నాకెట్ల ఎరుక? అన్న కాగితం మీద రాయలే. పరేషాన్ గాకు, రేపు ఏదో ఒక చప్పుడు పెట్టి నడిపిద్దాం తీ."

ఏదో ఒక చప్పుడు.. నా చేత్తో నేనే ఆయన్ని తుడిచేశాను. అన్నం వండలేదు, తినలేదు. అప్పుడు ఒక్క మాట తోచింది. నంబర్లు నాకు తెలియవు. కానీ ఆ చప్పుడు కుదిరిందని చెప్పిన చెవులు నావే కదా. తెల్లారేలోపు మళ్ళీ కుదర్చాలి.

తలుపు గడియ పెట్టాను. మా కుక్క నల్లోడు లోపలే, గడప దగ్గర పడుకుని ఉన్నాడు. కంపెనీ గేటు దగ్గర మా ఆయన వెంట వచ్చిన కుక్క అది. నేను కూర్చునే చోటే వాడు.. ఆయన కూర్చునే చోట నేను.

మొదటి వరుస కుదిరింది. రెండోది కుదిరింది. మూడోది చాలా సతాయించింది. నాలుగోదానికి వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఎర్ర చుక్క.. పచ్చ చుక్క.. ఒకటి, రెండు.. ఎనిమిదికే ఆగింది. చక్రం తిప్పాను. తొమ్మిది. తిప్పాను. పదమూడు. వెనక్కి. పదకొండు. నాకు ఏడుపొచ్చింది. ఊళ్ళో డప్పులు ఎప్పుడు ఆగాయో చూసుకోలేదు.

ఇక ఐదో వరుస. దూరం.

అద్దం మీద ఇరవై ఉంది. మెట్టు నొక్కి పట్టుకుని చక్రం తిప్పాను. పద్దెనిమిది. పదిహేను. చప్పుడు దగ్గరకొస్తోంది. వస్తుంది.. పోతుంది. పన్నెండు. చెయ్యి నొప్పి పుట్టి మెట్టు వదిలాను.

చప్పుడు ఆగలేదు.

లోపలిది ఆగింది. బయటిది ఆగలేదు. హూ..మ్.. హూ..మ్.. ఎక్కడో చేనుల అవతల. మొదట నేను కంపెనీ బ్లోయరు అనుకున్నాను. రోజూ రాత్రి వినిపించేదే కదా. తర్వాత గుర్తొచ్చింది. దసరా. కంపెనీలన్నీ బంద్. ఆ రాత్రి మా ఊరికి చెవి పెడితే చీమ నడక కూడా వినిపించేంత నిశ్శబ్దం.

నల్లోడు తల ఎత్తాడు.

ఏ కంపెనీయో మొదలుపెట్టింది లెమ్మని మళ్ళీ మెట్టు నొక్కాను. చక్రం తిప్పాను. తొమ్మిది. వదిలాను.. హూమ్.. హూమ్.. చేనుల దగ్గర కాదు. మా బావి మోటారు దగ్గర. చేతికి ఆపడం తెలియలేదు. అది తిరిగిపోయింది. ఏడు.

పెరటి వైపు.

నల్లోడు లేచి కూర్చున్నాడు. అరవలేదు. గుర్రుమనలేదు. చెవులు నిక్కబొడుచుకుని పెరటి గోడ వైపు చూశాడు. తర్వాత వాడి తల నిదానంగా వంటింటి వైపు తిరిగింది. తర్వాత కిటికీ వైపు. తర్వాత తలుపు. మళ్ళీ పెరడు. హూ..మ్ అన్నప్పుడు తల ఎక్కడ ఉందో, చప్పుడు అక్కడే ఉంది. మా ఇంటి చుట్టూ తిరుగుతోంది. చెప్పులు లేవు. అడుగులు లేవు. ఆకు కదిలిన చప్పుడు లేదు. ఉత్త తిరుగుడు.

లోపల ఏమీ తిరగదు అన్నాడు మా ఆయన.. బయట సంగతి చెప్పలేదు.

చక్రం ఇంకొంచెం తిప్పాను. ఎందుకు తిప్పావని అడగకండి. భయమే.. అయినా ఆ దూరం ఇంకా కుదరలేదు. ఇంకొంచెం దగ్గరకు రావాలి. నా చెవులకు తెలుస్తోంది. ఆరు.. ఐదు.

గోడను రాసుకుంటూ పోతోంది ఇప్పుడు. అల్మారాలో స్టీలు గ్లాసులు సన్నగా మోగుతున్నాయి. అదే.. అదే దూరం. సరిగ్గా ఆయన పెట్టిన దూరం. అప్పుడు నా నోటి నుంచి ఒక మాట వచ్చింది. నేను అనుకుని అనలేదు. ఆ చోట కూర్చుంటే ఆ మాటే వస్తుందేమో.

"ఇప్పుడెట్లున్నది?" అన్నాను.

ఖాళీ ఇంట్లో.. తలుపు వైపు చూస్తూ.

నా వేలు పచ్చ చుక్క మీద పడింది. బయటి చప్పుడు జోరు తగ్గింది. నేను లెక్కపెట్టలేదు, నా వేళ్ళే లెక్కపెట్టాయి. ఒకటి.. రెండు.. పెరడు. మూడు.. నాలుగు.. వంటిల్లు. ఐదు.. ఆరు.. బరువుగా.. ఏడు.. కిటికీ. ఎనిమిది. నల్లోడి తల తిరుగుతోంది. తొమ్మిది.. పది.. పదకొండు.

తలుపు దగ్గర ఆగింది.

ఏమీ లేదు. గాలి లేదు. నల్లోడు తలుపును చూస్తున్నాడు. తోక.. కొద్దిగా.. ఊపాడు.

టక్.. టక్.

గడప చెక్క మీద. రెండే. తలుపు తీయమని బాదినట్టు కాదు. పిలిచినట్టు కాదు. చాలు అన్నట్టు.

నేను అరిచానో లేదో తెలియదు. లేవబోయాను. నా కాళ్ళు తలుపు వైపే లేచాయి, ఒట్టు. గడియ మీద చెయ్యి వేద్దామనే లేచాయి. అప్పుడు మళ్ళీ మొదలైంది. హూ..మ్. ఈసారి చుట్టూ కాదు. ఉన్నచోటే. తలుపు చెక్కకు ఆనుకుని. ఊపిరి తీసుకుని లోపలికి వద్దామా అన్నట్టు జోరు అందుకుంటోంది.. హూమ్ హూమ్ హూమ్..

నల్ల చుక్క నొక్కాను.

కత్తితో కోసినట్టు తెగిపోయింది. నల్లోడు 'కుయ్' అని ఒక్కసారి అని, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని మంచం కిందికి దూరాడు.

తెల్లారేదాకా ఆ నల్ల చుక్క మీద వేలు తీయలేదు. గోరు తెల్లబడిపోయింది.

పొద్దున తలుపు తీస్తే గడప మీద జమ్మి రెబ్బ ఒకటి. నాలుగు ఆకులు. దసరా రాత్రి జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టడానికి తాగి తాగి ఎవరైనా వస్తారు, నిజమే. కానీ ఏడాది తీరని ఇంటికి జమ్మి పట్టుకుని ఎవరూ రారు. వాడకట్టంతా అడిగాను. అనిత సంగారెడ్డి నుంచి బస్సు దిగేసరికి నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను. నర్సింలు తల పట్టుకుని వచ్చాడు.

"రాత్రి నువ్వొచ్చినవార?"

"నేను ఎంత తాగినా గంత తెలివి లేకుంట వస్తనా వదినె?" అని, తల గోక్కుంటూ, "ఏమో.. వచ్చిన్నేమో. జమ్మి కాడికెల్లి ఇంటికెట్ల బోయిన్నో యాదికి లేదు" అన్నాడు.

"మన కంపెనీ బ్లోయర్ నడిచిందా రాత్రి?"

"దండ ఏసి బంద్ జేసిందే నేను. పక్క కంపెనీలది నాకెరుకలే."

భజనోళ్ళు కూర్చున్నారు. నర్సింలు మెట్టు నొక్కాడు. చప్పుడు బిగుసుకుపోయి ఉంది. "బ్రేక్ మీద ఉన్నది. తీస్తున్న" అని చెయ్యి చాపాడు. నేను తలుపు వైపు చూశాను. బయట ఎండ కొడుతోంది, వాకిట్లో పిల్లలున్నారు.

"పగటిపూటే కద.. తియ్" అన్నాను.

తీశాడు. తిరిగింది. వస్తుంది.. పోతుంది. నర్సింలు ఎర్ర చుక్క నొక్కాడు, పచ్చ చుక్క నొక్కాడు. పదకొండుకు ఆగింది. ముసలోళ్ళు తాళాలు ఆపారు. వాడు మెట్ల మీద చేతులు అట్లాగే పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"గిదే.. సాయన్నదే. నంబర్లు ఎవలు చెప్పిండ్రు వదినె?"

నేను నల్లోడిని చూశాను. వాడు అరుగు మీద నిద్రపోతున్నాడు. చెవి కూడా కదల్చలేదు.

సత్తెమ్మ అంటుంది.. సచ్చినోని పేరు మీద ఏదో వచ్చింది, బ్రేకు నొక్కి మంచిపని చేసినవ్ అని. నర్సింలు అంటాడు.. ఎవడో తాగుబోతు తట్టి పోయాడని. తట్టి ఉండొచ్చు. కానీ తాగుబోతు సరిగ్గా ఐదు అంకె దగ్గరే ఎందుకు తట్టాడు? చేట మీద రెండు దెబ్బల సంగతి వాడికెవరు చెప్పారు? ఆయనే అయితే.. నల్లోడు తోక ఊపాడు కదా.. ఆయనే అయితే, గడప దాకా వచ్చినవాడిని నా వేలితో నేనే నిలబెట్టేశానా? ఆయన కాకపోతే, నేను గడియ తీసి ఉంటే.. లోపలికి వచ్చేది ఏంది?

తెలియదు. నా కళ్ళ మీద ఒట్టు, ఇప్పటికీ తెలియదు.

శనివారం నర్సింలు వచ్చి కీబోర్డు తీసుకుపోతాడు. భజన అయ్యాక తెచ్చి పెడతాడు. పడుకునే ముందు స్విచ్ వేసి, నల్ల చుక్క నొక్కి ఉందా లేదా చూసుకుంటాను. కొన్ని రాత్రులు చూసి ఊరుకోను. వేలు దాని మీద పెట్టి చాలాసేపు కూర్చుంటాను. తీద్దామా.. ఒక్కసారి తీద్దామా.. ఇప్పుడెట్లున్నది అని అడిగి చూద్దామా అని.

అప్పుడు నల్లోడు లేచి పోయి గడప దగ్గర కూర్చుంటాడు. తలుపును చూడడు. నన్ను చూస్తాడు.